ఆన్‌లైన్ ఆటలు, సైబర్ దొంగలు: పిల్లలు భయపడకుండా చెప్పుకోగలిగే ఇల్లు కావాలి



వేసవి సెలవులు వచ్చాయంటే మన కడప జిల్లాలో పగలు పదకొండు దాటాక పిల్లలు వీధిలో నిలబడలేరు. ప్రొద్దుటూరయినా, జమ్మలమడుగయినా, పులివెందులయినా ఎండ ఒకటే. ఒకప్పుడు అరుగుల మీద పులి-మేక, అష్టాచమ్మా ఆడుకున్న ఈడు పిల్లలు ఇప్పుడు ఫ్యాను కింద ఫోను పట్టుకొని కూర్చుంటున్నారు. ఫ్రీ ఫైర్, బీజీఎంఐ, లూడో, క్రికెట్ ఆటలు ప్రతి వీధిలోనూ వినబడుతున్న పేర్లే. ఆదివారం ఆరాధన ముగిసి పెద్దలు మాట్లాడుకుంటుండగా చెట్టు కింద నలుగురు కుర్రవాళ్ళు ఒకే ఫోను మీదికి వంగి ఉండటం మన సంఘాలన్నిటిలో కనబడే దృశ్యమే.

ఆడుకోవడం పిల్లల సహజ గుణం. అయితే ఈ ఆటలకు వీధిలో ఆడే ఆటలకు లేని ఒక లక్షణం ఉంది. వీధిలో మన పిల్లవాడితో ఆడేది ఎవరి కొడుకో మనకు తెలుసు. ఫోనులో ఆడేది ఎవరో మనకు తెలియదు, పిల్లవాడికీ తెలియదు. పైగా ఆ ఆట జరుగుతున్న ఫోనులోనే మన బ్యాంకు ఖాతా కూడా ఉంటుంది.

ఈ దారిలో వచ్చే దొంగకు రెండు ఆయుధాలు ఉన్నాయి. మొదటిది పిల్లవాడి ఆశ. రెండవది పిల్లవాడి భయం. ఆశ చూపి లోపలికి వస్తాడు. నాన్న కొడతాడేమో, అమ్మ ఏడుస్తుందేమో, సంఘంలో పరువు పోతుందేమో అన్న భయాన్ని ఆసరా చేసుకొని లోపలే ఉండిపోతాడు. ఫోనుకు ఎన్ని తాళాలు వేసినా ఈ రెండవ ఆయుధాన్ని విరగ్గొట్టగలిగింది తల్లిదండ్రులు, పెద్దలు మాత్రమే. ఈ వ్యాసంలో మేము తాళాల గురించీ చెబుతాము, భయం గురించీ చెబుతాము.

ఎవరి ఫోను, ఎవరి డబ్బు?

మన ప్రాంతపు ఇళ్ళను ఒకసారి తలచుకుందాం. ప్రొద్దుటూరులో బంగారు అంగడో, బట్టల అంగడో నడిపే ఇంట్లో రోజంతా క్యూఆర్ కోడ్ ద్వారా వచ్చిన డబ్బు ఏ ఫోనుకు చేరుతుందో, రాత్రి ఆ ఫోనే కొడుకు చేతిలో ఉంటుంది. పులివెందుల వైపు చీనీ కాయలు, అరటి గెలలు అమ్మిన డబ్బు ఒక్కసారిగా రైతు ఖాతాలో పడుతుంది. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ళ గనుల్లో కష్టపడిన కూలి కూడా ఇప్పుడు ఫోనులోకే వస్తోంది. తండ్రి కువైట్‌లో ఉండి పంపే డబ్బు తల్లి ఖాతాలో చేరుతుంది. ఆ తల్లికి ఫోనులో అక్షరాలు చదవడం కష్టమైతే, బ్యాంకు సందేశం చదివి పెట్టేది ఎవరు? ఆ పిల్లవాడే. అవ్వాతాతల దగ్గర పెరిగే పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు. పిన్ నంబరు కూడా తాతకంటే మనవడికే బాగా గుర్తుంటుంది.

2022 జూన్‌లో హైదరాబాదులో బయటపడిన సంఘటన చాలామంది పత్రికల్లో చదివే ఉంటారు. పదహారేళ్ళ బాలుడు తాత ఫోనులో ఫ్రీ ఫైర్ ఆడుతూ మొదట 1,500 రూపాయలు, తర్వాత 10,000 రూపాయలు ఖర్చు పెట్టాడు. అలా పెరిగి పెరిగి మొత్తం 36 లక్షల రూపాయలు పోయాయి. తల్లి డబ్బు తీసుకోవడానికి బ్యాంకుకు వెళ్ళినప్పుడుగానీ ఖాతా ఖాళీ అయిందని తెలియలేదు. ఇక్కడ బయటి దొంగ ఎవరూ రాలేదు. ఆటలోని తుపాకులకు, దుస్తులకు డబ్బు కడుతూ పోయాడు, అంతే. 1,500 దగ్గర ఆ ఇంట్లో ఒక మాట నడిచి ఉంటే 36 లక్షల దాకా పోయేది కాదు. మనం ఆలోచించవలసింది ఆ మధ్యకాలం గురించే.

ఇది మన పిల్లల బలహీనత అనుకుంటే పొరపాటు. డబ్బు ఖర్చు పెట్టించడానికే ఈ ఆటల్లో చాలా ఏర్పాట్లు ఉంటాయి. అసలు రూపాయలు కాకుండా డైమండ్లు, యూసీలు అనే బొమ్మ నాణేలు కొనిపిస్తారు. నాణెం పేరు మారగానే పిల్లవాడికి అది నాన్న సంపాదన అన్న స్పృహ పోతుంది. ఫోర్ట్‌నైట్ ఆటను తయారుచేసిన ఎపిక్ గేమ్స్ సంస్థ మీద అమెరికా ప్రభుత్వ వాణిజ్య కమిషన్ 2022 డిసెంబరులో చర్య తీసుకుంది. పిల్లల వివరాలు తల్లిదండ్రుల అనుమతి లేకుండా సేకరించినందుకు, తికమకపెట్టే బటన్లతో అనుకోని కొనుగోళ్ళు చేయించినందుకు ఆ సంస్థ 52 కోట్ల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకోవలసి వచ్చింది. అంత పెద్ద దేశపు పిల్లలే చిక్కుకున్న వలలో మన పిల్లవాడు చిక్కుకుంటే, మొదట చేయవలసింది వాణ్ణి కొట్టడం కాదని దీన్ని బట్టి తెలుసుకోవచ్చు.

దొంగ వచ్చే ఆరు దారులు

మొదటి దారి ఉచిత డైమండ్లు. "ఈ లింకు నొక్కితే 5,000 డైమండ్లు ఉచితం" అని వాట్సాప్‌లోనో, యూట్యూబ్ వీడియో కిందనో, ఆట లోపలి చాట్‌లోనో సందేశం వస్తుంది. నొక్కితే అచ్చం ఆట పేజీలాంటిదే తెరుచుకుంటుంది. ఫేస్‌బుక్ లేదా గూగుల్ ఖాతా పాస్‌వర్డు అడుగుతుంది. అది ఇచ్చిన మరుక్షణం ఖాతా దొంగ చేతికి పోతుంది. ఏళ్ళ తరబడి ఆడి సంపాదించుకున్న ఐడీ తిరిగి ఇవ్వాలంటే డబ్బు పంపమంటాడు. లేదా ఆ ఖాతా నుంచే మిగతా స్నేహితులకూ అదే లింకు పంపుతాడు. స్నేహితుడి పేరుతో వచ్చింది కాబట్టి వాళ్ళూ నమ్ముతారు.

రెండవది బయటి ఫైళ్ళు. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ కూడా నిషేధానికి గురైంది. ప్లే స్టోరులో దొరకని ఆట బయట ఏపీకే ఫైలు రూపంలో దొరుకుతుందని పిల్లలు నేర్చుకున్నారు. గోడల వెనక కనిపించేలా చేసే 'హ్యాక్', అన్నీ ఉచితంగా ఇచ్చే 'మోడ్' అనే పేర్లతోనూ ఇవే ఫైళ్ళు తిరుగుతుంటాయి. ఎవరు తయారుచేశారో తెలియని ఫైలు ఫోనులోకి చేరి ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి, తెర మీద జరిగేదంతా చూసే అనుమతి అడుగుతుంది. ఆట ఆడాలన్న తొందరలో పిల్లవాడు అన్నిటికీ సరేనంటాడు. ఆ తర్వాత బ్యాంకు పంపే ఓటీపీ మనకంటే ముందు దొంగకు కనబడుతుంది.

మూడవది ఐడీల అమ్మకం, కొనుగోలు. మంచి తుపాకులు, దుస్తులు ఉన్న ఐడీని వేల రూపాయలకు అమ్ముతామని బేరం పెడతారు. ముందు డబ్బు పంపమని, అందగానే మాయమవుతారు. మన పిల్లవాడే అమ్మేవాడైతే "నీకు డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అంటారు. ఒక్క మాట ఇంటిల్లిపాదీ కంఠస్థం చేయాలి: యూపీఐ పిన్ డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.

నాల్గవది స్నేహం. అన్నిటిలోకీ ఇది ప్రమాదకరం. 2025 అక్టోబరులో ముంబైలో జరిగిన సైబర్ అవగాహన కార్యక్రమంలో నటుడు అక్షయ్ కుమార్ తన ఇంట్లో జరిగినది చెప్పాడు. అతని కుమార్తె ఆన్‌లైన్ ఆట ఆడుతుండగా అవతలి వ్యక్తి మొదట బాగా ఆడావని మర్యాదగా మెచ్చుకున్నాడు. తర్వాత ఏ ఊరని అడిగాడు. అబ్బాయివా, అమ్మాయివా అని అడిగాడు. ఆ తర్వాత నగ్న చిత్రాలు పంపమన్నాడు. ఆ అమ్మాయి వెంటనే ఆట ఆపేసి లేచి వెళ్ళి తల్లికి చెప్పింది. ఆమెను కాపాడింది ఆ పని. మెచ్చుకోలు, ఊరు, వివరం, చిత్రం అనే ఈ వరుసను పిల్లలకు ముందే చెప్పి ఉంచితే రెండవ మెట్టు మీదనే గుర్తుపడతారు. ఒక చిత్రం చేతికి చిక్కితే, దాన్ని అందరికీ పంపుతానని బెదిరించి డబ్బో, మరిన్ని చిత్రాలో అడుగుతారు. మగపిల్లలకు ఇది జరగదనుకోవద్దు. అమ్మాయి పేరుతో ఖాతా తెరిచి అబ్బాయిలను వలలో వేసేవారు చాలామంది ఉన్నారు.

ఐదవది డబ్బు ఆటలు. ప్రొద్దుటూరు పేరు వినగానే బంగారం, బట్టలు గుర్తుకొచ్చినట్టే, ఐపీఎల్ రోజుల్లో క్రికెట్ పందేల వార్తలు కూడా గుర్తుకొస్తాయి. ఇది మనకు సిగ్గయినా నిజం. ఒకప్పుడు బుకీ ఎక్కడున్నాడో వెతుక్కుంటూ పోవాలి. ఇప్పుడు అతడే ఫోనులోకి వచ్చాడు. ఈ బెట్టింగ్ యాప్‌లు, రంగులు చెప్పే ఆటలు మొదట వంద పెడితే రెండు వందలు ఇస్తాయి. ఆ ఇచ్చేది ఎర. పెద్ద మొత్తం గెలిచినట్టు తెర మీద అంకె చూపించి, తీసుకోబోతే "ముందు పన్ను కట్టండి, రుసుము కట్టండి" అంటారు. కట్టిన కొద్దీ ఇంకా అడుగుతారు. తెర మీది అంకె ఎప్పటికీ రూపాయి కాదు. పోయింది రాబట్టుకోవాలని అప్పు యాప్‌లలో అప్పు చేసిన కుర్రవాళ్ళ కథలు ఎలా ముగిశాయో మన ఊళ్ళలో అందరూ విన్నవే.

ఆరవది ఖాతా అద్దె. పులివెందులలోని జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల, ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ వంటి చోట్ల చదివే యౌవనస్థులు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి. ఆటలో పరిచయమైనవాడు "నీ బ్యాంకు ఖాతాలోకి కొంత డబ్బు వస్తుంది, దాన్ని వేరే ఖాతాకు పంపు, నీకు కమిషన్ ఇస్తాను" అంటాడు. లేదా పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, సిమ్ము కలిపి అద్దెకు అడుగుతాడు. ఆ వచ్చేది మోసపోయిన ఇంకెవరిదో కన్నీటి సొమ్ము. దర్యాప్తు మొదలైతే పోలీసులు మొదట చేరేది ఆ ఖాతాదారు ఇంటికే. ఖాతా స్తంభించిపోతుంది, ఫీజు రీయింబర్స్‌మెంటు డబ్బు అందులో పడితే అదీ ఆగిపోతుంది. తెలియక చేశానంటే కేసు తప్పుతుందన్న భరోసా లేదు.

చట్టం ఎవరి వైపు ఉంది?

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ రమ్మీ, పోకర్, పందేలను నిషేధించింది. ఆ ఏడాది అక్టోబరులో అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 132 వెబ్‌సైట్లు, యాప్‌లను అడ్డుకోవాలని కేంద్రానికి లేఖ రాశారు. అయినా ఒక పేరుతో మూసిన యాప్ మరో పేరుతో తెరుచుకుంటూ వచ్చింది. 2025 మార్చిలో హైదరాబాదులో బెట్టింగ్ యాప్‌లకు ప్రచారం చేశారని సినీ నటుల మీద, యూట్యూబర్ల మీద కేసులు నమోదయ్యాయి. తెలిసిన ముఖం చెప్పింది కదా అని నమ్మినవారు ఎంతమందో.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ ప్రోత్సాహక, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. ఆగస్టు 22న రాష్ట్రపతి సంతకం అయింది. డబ్బు పెట్టి డబ్బు గెలుచుకునే ఆన్‌లైన్ ఆట ఏదైనా, అది నైపుణ్యం ఆట అని చెప్పుకున్నా, దాన్ని నడపడం నేరం. నడిపేవారికి మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ప్రకటనలు ఇచ్చేవారికి రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. అందుకు డబ్బు లావాదేవీలు జరపకూడదని బ్యాంకులకు కూడా నిషేధం పెట్టారు.

ఈ కేంద్ర చట్టంలో మన ఇళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. ఆడినవాడికి అందులో శిక్ష లేదు. ఆటలో చిక్కుకున్నవాణ్ణి ఆ చట్టం బాధితుడిగా చూస్తుంది. "పోలీసులకు చెబితే మా వాణ్ణే లోపల వేస్తారు" అని మోసపోయిన సంగతి దాచిపెట్టే తల్లిదండ్రులు ఈ మాట గమనించాలి. మోసం చేసినవాడి మీద ఫిర్యాదు ఇవ్వడానికి వెనుకాడవద్దు.

ఫోనుకు వేయవలసిన తాళాలు

ఇక ఈ రోజే చేసుకోగలిగిన పనులు చెప్పుకుందాం. వీటిలో చాలావరకు పది నిమిషాల పనే. తెలియకపోతే సంఘంలో చదువుకున్న యౌవనస్థులను అడిగితే చేసి పెడతారు.

పిల్లలు ఆడే ఫోను, డబ్బు ఉన్న ఫోను వేరుగా ఉంటే మంచిది. ఇంట్లో ఒకటే ఫోను ఉంటే ఎక్కువ డబ్బు ఉన్న ఖాతాను యూపీఐకి జోడించవద్దు. చిన్న ఖర్చులకు వేరే ఖాతా తెరిచి, అందులో వారానికి సరిపడా మాత్రమే ఉంచాలి. పంట డబ్బు, కువైట్ డబ్బు ఫోనుతో సంబంధం లేని ఖాతాలో ఉండాలి.

ప్లే స్టోరు అమరికల్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డు లేదా వేలిముద్ర అడిగేలా పెట్టాలి. అందులో దాచి ఉంచిన కార్డులను తీసివేయాలి. యూపీఐ యాప్‌లో 'ఆటోపే' అనే చోట మనకు తెలియకుండా నెలనెలా డబ్బు కట్ అయ్యే ఒప్పందాలు ఉన్నాయేమో చూసి రద్దు చేయాలి. యూపీఐ లైట్‌లో ఉంచిన చిన్న మొత్తానికి పిన్ అడగదని గుర్తుంచుకోవాలి. ఫోను తాళం, యూపీఐ పిన్ ఒకటే నంబరు కాకూడదు. పిల్లవాడికి తెలిసిన పిన్ ఉంటే ఈ రాత్రే మార్చాలి.

కాలేజీ పిల్లలకు డబ్బు చెల్లించే అవసరం నిజంగా ఉంటే యూపీఐ సర్కిల్ అనే పద్ధతి ఉంది. పిల్లవాడు చెల్లించబోయిన ప్రతిసారీ తండ్రి ఫోనుకు అనుమతి కోసం సందేశం వచ్చేలా అందులో పెట్టుకోవచ్చు.

ఆటలు ప్లే స్టోరు నుంచి మాత్రమే దించుకోవాలి. 'తెలియని చోటి నుంచి యాప్‌లు' అనే అనుమతిని ఆపివేయాలి. ఆట ఖాతాకు రెండంచెల భద్రత పెట్టాలి. ఆటలో పెట్టుకునే పేరులో అసలు పేరు, ఊరు, బడి, పుట్టిన సంవత్సరం ఉండకూడదు. చిన్నపిల్లలకు ఆటలోని మాటల చాట్ ఆపివేయాలి, తెలిసిన స్నేహితులతోనే జట్టు కట్టనివ్వాలి. ఎవరైనా సాయం చేస్తానని చెప్పి తెర చూపించే యాప్ వేసుకోమంటే వేసుకోకూడదు.

2023 మే నెలలో బీజీఎంఐ తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్ళ లోపువారు రోజుకు మూడు గంటలే ఆడేలా హద్దు పెట్టారు. కానీ పిల్లవాడు వయస్సు అబద్ధం చెబితే ఆ హద్దు పనిచేయదు. అందుకే ఆట ఖాతా తెరిచేటప్పుడు తల్లో తండ్రో పక్కన కూర్చుని అసలు వయస్సు వేయించాలి. ఆ వయస్సు దగ్గరే అబద్ధం మనం చెప్పిస్తే, రేపు మన దగ్గర దాచవద్దని వాడికి ఏ నోటితో చెప్పగలం?

జరిగిపోతే మొదటి గంటలో ఏం చేయాలి?

దొంగ చేతికి చేరిన డబ్బు ఒకచోట ఉండదు. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు, అక్కడి నుంచి నాలుగైదు ఖాతాలకు విడిపోయి చివరికి ఏటీఎంలో నోట్లుగా బయటికి వస్తుంది. అది ఇంకా ఏదో ఒక బ్యాంకులో ఉన్నంతసేపే ఆపగలరు. అందుకే మొదటి గంట అంత విలువైనది.

మొదట 1930కు ఫోను చేయాలి. ఇది కేంద్ర హోంశాఖ ఆధ్వర్యంలో నడిచే జాతీయ సైబర్ నేరాల సహాయ సంఖ్య. అక్కడ ఇచ్చిన వివరాలు బ్యాంకులకు చేరి, డబ్బు ఏ ఖాతాలో ఉందో అక్కడే నిలిపివేసే ప్రయత్నం జరుగుతుంది. వారు ఖాతా ఉన్న బ్యాంకు పేరు, పోయిన మొత్తం, సమయం, ఎవరికి వెళ్ళిందో ఆ యూపీఐ ఐడీ, లావాదేవీ నంబరు అడుగుతారు. యూపీఐలో అది 12 అంకెల నంబరు. బ్యాంకు సందేశంలోనో, యాప్‌లోని చరిత్రలోనో కనబడుతుంది.

వెంటనే మన బ్యాంకుకు చెప్పి కార్డు, యూపీఐ ఆపించాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6న ఇచ్చిన ఆదేశం ప్రకారం, మన తప్పు లేకుండా బయటివారి వల్ల ఖాతాలో మోసం జరిగి మూడు పనిదినాల్లో తెలియజేస్తే నష్టం మన మీద పడదు. మనమే ఓటీపీయో, పిన్నో ఇచ్చి ఉంటే బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మన నష్టమే. కానీ చెప్పిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అంటే తప్పు మనదైనా సరే, చెప్పిన క్షణం నుంచి రక్షణ మొదలవుతుంది.

ఆ తర్వాత సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు పూర్తి చేసి, దగ్గరి పోలీసు స్టేషనుకు వెళ్ళాలి. స్క్రీన్‌షాట్లు, చాట్‌లు, ఫోను నంబర్లు తుడిచివేయకూడదు. సిగ్గుతోనో, కోపంతోనో ఆట తీసేసి ఫోను శుభ్రం చేస్తే సాక్ష్యం పోతుంది.

చిత్రాలతో బెదిరిస్తున్నవాడికి ఒక్క రూపాయి కూడా పంపకూడదు. ఒకసారి ఇస్తే రెండవసారి అడుగుతాడు. పిల్లల చిత్రాలకు సంబంధించిన నేరాలను ఆ పోర్టల్‌లో పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. పిల్లల సహాయానికి 1098 ఉంది. 18 ఏళ్ళ లోపు తీసిన చిత్రాలు సామాజిక మాధ్యమాల్లో వ్యాపించకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది.

ఇంకొక హెచ్చరిక. ఫిర్యాదు చేసిన కొద్ది రోజులకు "మీ డబ్బు రాబట్టి ఇస్తాం, కొంత రుసుము కట్టండి" అని ఫోను రావచ్చు. అది రెండవ దొంగతనం. ప్రభుత్వం ఫిర్యాదుకు రుసుము అడగదు.

డబ్బు పోగొట్టుకున్న బిడ్డ తిండి మానేసినా, ఎవరితోనూ మాట్లాడకపోయినా, చనిపోతానన్నా ఒంటరిగా వదలవద్దు. టెలీ మానస్ 14416 నంబరుకు ఏ వేళైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు.

సంఘంగా మనం ఏం చేయగలం?

మన ఇళ్ళలో భయానికి ఇంకొక కారణం కూడా ఉంది. సంఘపెద్ద కొడుకు, పాస్టరుగారి కూతురు, సండే స్కూలు టీచరు బిడ్డ మోసపోతే ఇంట్లో దెబ్బల కంటే బయటి మాటలకు ఎక్కువ భయపడతారు. ఆ భయం దొంగకు తెలియకపోయినా వాడికే పనికివస్తుంది. చెప్పడానికి పిల్లవాడు మూడు రోజులు తటపటాయిస్తే ఆ మూడు రోజులూ వాడివే.

అందుకే కొన్ని చిన్న పనులు సూచిస్తున్నాము. సెలవులు మొదలయ్యే ముందు ఒక ఆదివారం ఆరాధన తర్వాత అరగంట కేటాయించి, యౌవనుల కూటమివారు పెద్దల ఫోన్లు ఒక్కొక్కటిగా చూసి పైన చెప్పిన అమరికలు చేసి పెట్టవచ్చు. స్త్రీల కూడికలో 1930 నంబరును ప్రతి తల్లి ఫోనులో పేరుతో సహా నమోదు చేయించవచ్చు. చదవలేని అవ్వలకు బ్యాంకు సందేశం చదివి పెట్టే నమ్మకమైన మనిషి, మనవడు కాక ఇంకొకరు, ప్రతి వీధిలో ఒకరుండేలా చూడవచ్చు. స్థానిక పోలీసులను పిలిచి మాట్లాడించవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం, బాధపడిన పిల్లల పేరు వేదిక మీద ఎత్తకూడదు. హెచ్చరిక కోసమైనా, ప్రార్థన కోసమైనా సరే. పోక్సో చట్టం బాధిత బాలల వివరాలు మాధ్యమాల్లో రాకుండా నిషేధించింది. చట్టం పత్రికలకు పెట్టిన ఆ హద్దును మనం మన సంఘానికి కూడా పెట్టుకుందాం. ఒక బిడ్డ సంగతి బయటపడి నలుగురి నోళ్ళలో నలిగితే, మిగతా పిల్లలందరూ నోరు మూసుకోవడమే క్షేమమని నేర్చుకుంటారు.

తల్లిదండ్రులకు చివరిగా ఒక మనవి. ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలను పిలిచి ఒక మాట చెప్పండి: "ఆటలో ఎవరైనా డబ్బు అడిగినా, ఫోటో అడిగినా, నువ్వు పొరపాటున ఏదైనా నొక్కినా, ఇచ్చినా వెంటనే మాకు చెప్పు. ఆ రోజు నిన్ను కొట్టం, తిట్టం. ముందు 1930కు ఫోను చేద్దాం, తర్వాత మాట్లాడుకుందాం." ఆ మాట చెప్పడం తేలిక. డబ్బు నిజంగా పోయిన రోజు, బిడ్డ వణుకుతూ ఎదురుగా నిలబడినప్పుడు ఆ మాట మీద నిలబడటమే కష్టం. అప్పుడు నిలబడితే రెండవసారి కూడా మీ దగ్గరికే వస్తాడు.